మన ఊళ్ల పేర్లతో టెస్టులు రాయండి

(బరంపురంలో తెలుగు విద్యార్థులతో మాట్లాడిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. గంజాం, గజపతి, రాయగడ జిల్లాల వాళ్లు ఈ హాల్లో ఉన్నారు. ఇచ్ఛాపురం నుంచి వచ్చినవాళ్లూ కనిపిస్తున్నారు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కంప్యూటర్ ముందు కూర్చుంటే ఇంగ్లిష్. మనలో చాలామందికి రోజు ఇలాగే గడుస్తుంది. ఈ మూడు భాషలూ ఒకే సైటులోకి వచ్చినప్పుడు మొదట దెబ్బతినేది లింకులే. అందుకే ఈ సాయంత్రం వెబ్ రూట్ల గురించి, అవి ఎందుకు పనిచేయవో ఎలా కనిపెట్టాలన్న దాని గురించి, వాటికి టెస్టులు, అంటే మన కోడ్ సరిగ్గా పనిచేస్తోందో చూసే చిన్న కోడ్, ఎలా రాయాలన్న దాని గురించి మాట్లాడతాను.

ఉదాహరణకి ఒక చిన్న సైటు అనుకుందాం. నౌపడ నుంచి గుణుపురం వెళ్లే రైలు లైను మీ అందరికీ తెలుసు. 1900లో పర్లాకిమిడి దాకా చిన్న బండిగా మొదలై, 1931 నాటికి గుణుపురం చేరింది. తర్వాత చాలా ఏళ్లకు బ్రాడ్‌గేజ్ అయింది. టెక్కలి, పాతపట్నం అటు ఆంధ్రాలో, పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం ఇటు ఒడిశాలో. ఒక్కో స్టేషన్‌కి ఒక్కో పేజీ. చిరునామా ఇలా ఉంటుంది: /స్టేషన్/పర్లాకిమిడి/. తెర మీద కోడ్ ఇంగ్లిష్‌లోనే ఉంది, నేను మాత్రం తెలుగులో చదువుతూ పోతాను. ఫ్రేమ్‌వర్క్, అంటే సైటు కట్టడానికి వాడే కోడ్ సామగ్రి, పైథాన్ భాషలోని జాంగో. మిగతా వాటి సంగతి చివర్లో.

రూట్ అంటే ఏమిటో మీకు చెప్పనక్కర్లేదు. వచ్చిన చిరునామాని చూసి ఏ ఫంక్షన్‌ని, అంటే ఏ కోడ్ ముక్కని, పిలవాలో తేల్చే పట్టికలో ఒక వరస. జాంగోలో ఆ ఫంక్షన్‌ని వ్యూ అంటాం. పట్టిక సరిగ్గా ఉన్నన్నాళ్లూ దాని ఊసే ఎవరికీ రాదు. పేజీ రాకపోతే మాత్రం అందరూ ముందు దాన్నే తిడతారు. చాలాసార్లు తప్పు పట్టికది కాదు.

కాబట్టి 404, అంటే పేజీ దొరకలేదనే జవాబు, కనిపించగానే పట్టిక తెరిచి మార్చడం మొదలుపెట్టకండి. ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ 404 ఇచ్చింది ఎవరు?

ముగ్గురిలో ఎవరైనా ఇచ్చి ఉండొచ్చు. మొదటిది, ముందు నిలబడిన సర్వర్, అంటే ఇంజిన్‌ఎక్స్ లాంటిది. తెల్ల పేజీ మధ్యలో 404 నాట్ ఫౌండ్ అని, గీత కింద దాని పేరు ఉంటే, మీ అప్లికేషన్ దాకా ఆ రిక్వెస్ట్ రాలేదన్నమాటే. రెండోది, ఫ్రేమ్‌వర్క్ పట్టిక. చిరునామా ఏ వరసకీ సరిపోలేదు. మూడోది మీ వ్యూ. రూట్ దొరికింది, ఫంక్షన్ నడిచింది, కానీ డేటాబేస్‌లో ఆ స్టేషన్ లేదు. గెట్ ఆబ్జెక్ట్ ఆర్ 404 అని మీరే రాశారు కదా, అదే ఇచ్చింది. ఈ మూడింటికీ బ్రౌజర్‌కి వచ్చే నంబరు ఒకటే, 404. మందు మాత్రం మూడింటికీ వేరు.

డీబగ్, అంటే తప్పుల వివరాలు చూపించే సెట్టింగ్, ఆన్‌లో ఉన్నప్పుడు జాంగో చూపించే పసుపు రంగు 404 పేజీని కళ్లు పెట్టి చదవండి. మన పిల్లలు ఎర్రర్ పేజీ చూడగానే టెన్షన్ పడి దాన్ని మూసేస్తారు. ఆ పేజీ చాలా ఓపికగా చెబుతుంది: నేను ఈ వరసలన్నీ, ఇదే క్రమంలో చూశాను, ఏదీ కుదరలేదు అని. వ్యూ వల్ల వచ్చిన 404 అయితే ఏ వ్యూ ఎత్తిందో కూడా రాస్తుంది. సర్వర్ మీద డీబగ్ ఆఫ్‌లో ఉంటుంది, ఉండాలి కూడా. అక్కడ లాగ్, అంటే వచ్చిన రిక్వెస్టులు రాసిపెట్టే ఫైలు, చూడండి. అప్లికేషన్ లాగ్‌లో ఆ రిక్వెస్ట్ గీతే లేకపోతే సమస్య అప్లికేషన్ బయట ఉన్నట్టే.

బయట ఉండే తప్పుల్లో ఎక్కువగా ప్రాణం తీసేది ఒకటుంది. ల్యాప్‌టాప్‌లో అన్నీ పనిచేస్తాయి, సర్వర్ ఎక్కించగానే అన్నీ 404. ఇంజిన్‌ఎక్స్‌లో /రైలు/ అనే భాగాన్ని మీ అప్లికేషన్‌కి పంపమని ప్రాక్సీ పాస్ అనే ఆదేశం రాస్తారు. ఆ వరసలో పోర్టు నంబర్ తర్వాత స్లాష్ పెడితే, /రైలు/ అన్న ముక్కని కోసేసి మిగతాది పంపుతుంది. స్లాష్ పెట్టకపోతే మొత్తం చిరునామా అలాగే పంపుతుంది. ఒక్క గీత తేడా. అప్లికేషన్‌కి నిజంగా ఏ చిరునామా చేరుతోందో లాగ్‌లో అచ్చు వేయించి చూడండి, ఊహించి సెట్టింగులు మార్చకండి.

ఇంకో మాట. అన్నీ 404లే కావు. 405 వచ్చిందంటే చిరునామా సరైనదే, పద్ధతి తప్పు: డేటా పంపే పోస్ట్ మాత్రమే తీసుకునే చోటికి, పేజీ అడిగే గెట్ పంపారు. కర్ల్ అనే కమాండ్‌లో పెద్ద ఐ ఆప్షన్ పెట్టి చూసే అలవాటు ఉన్నవాళ్లు గుర్తుంచుకోండి, అది పేజీ లేకుండా పై వివరాలు మాత్రమే అడిగే హెడ్ రిక్వెస్ట్ పంపుతుంది. గెట్ ఒక్కటే ఒప్పుకునే వ్యూ దానికి 405 ఇస్తుంది. అప్పుడు లేని తప్పు కోసం వెతుక్కోవాల్సి వస్తుంది. 403 వస్తే చాలాసార్లు సీఎస్‌ఆర్‌ఎఫ్ టోకెన్ సంగతి, అంటే ఫారం మన సైటు నుంచే వచ్చిందని చూపే రహస్య గుర్తు. 400 వస్తే అలౌడ్ హోస్ట్స్ సెట్టింగ్‌లో డొమైన్ రాయడం మరిచారేమో చూడండి. వీటిలో ఏదీ రూట్ తప్పు కాదు.

ఇప్పుడు నిజంగా పట్టికలోనే ఉండే తప్పులు. జాంగో పైనుంచి కిందకి చూస్తుంది, మొదట కుదిరిన దగ్గర ఆగిపోతుంది. పోస్టాఫీసులో ఉత్తరాలు సార్టింగ్ చేసే మనిషి ఎదురుగా ఉన్న గళ్లలో, మొదట సరిపోయిన గడిలో ఉత్తరం పడేసినట్టు. పైన /స్టేషన్/పేరు/ అనే వరస ఉండి, దాని కింద /స్టేషన్/కొత్త/ అనే వరస ఉంటే, రెండోది ఎప్పటికీ పలకదు. "కొత్త" అనేది ఒక స్టేషన్ పేరనుకుని మొదటి వ్యూ దాన్ని డేటాబేస్‌లో వెతుకుతుంది, దొరకక 404 ఇస్తుంది. గమనించారా, ఇది వ్యూ ఇచ్చిన 404. పట్టికలో వరస కళ్ల ముందే ఉంది కదా, ఎందుకు రావట్లేదని తల పట్టుకుంటారు. స్థిరమైన మాటలున్న వరసలు పైన, ఏదైనా పట్టేసే వరసలు కింద పెట్టండి.

ఒక పట్టికలో ఇంకో పట్టికని చేర్చే ఇంక్లూడ్ వాడినప్పుడు లోపలి వరస ముందు స్లాష్ పెట్టడం ఇంకో మామూలు పొరపాటు. రెండు స్లాష్‌లు పడతాయి. మేనేజ్ డాట్ పై చెక్ అని కొడితే జాంగోనే దీన్ని హెచ్చరిస్తుంది. నడిపితే ఖర్చేమీ లేదు, రోజూ నడపండి.

చివరి స్లాష్ దగ్గర కాస్త ఆగుదాం, ఇక్కడ డేటా పోతుంది. చిరునామా చివర స్లాష్ లేకుండా వస్తే, అపెండ్ స్లాష్ అనే సెట్టింగ్ దానికి స్లాష్ తగిలించి 301తో, అంటే ఇక ఈ కొత్త చిరునామాకే వెళ్లమనే జవాబుతో, తిప్పి పంపుతుంది. గెట్ అయితే ఎవరికీ తెలియకుండా పని జరిగిపోతుంది. పోస్ట్ అయితే? బ్రౌజర్లు 301 అందుకుని రెండోసారి గెట్‌గా వెళ్తాయి. ఫారంలో నింపినదంతా దారిలో రాలిపోతుంది. డీబగ్ ఆన్‌లో ఉంటే జాంగో గట్టిగా అరుస్తుంది, రన్‌టైమ్ ఎర్రర్ ఇస్తుంది. టెస్టులు నడిపేటప్పుడు మాత్రం డీబగ్ దానంతటదే ఆఫ్ అవుతుంది. కాబట్టి మీ టెస్టు అరుపు వినదు, నిశ్శబ్దంగా 301 అందుకుంటుంది. తిప్పిన చోటికి వెళ్లమని ఫాలో పెట్టారంటే ఆ 301 కూడా కనబడదు, చివరికి 200, అంటే అంతా సరే అనే జవాబు, వచ్చి టెస్టు పాసవుతుంది. పోస్ట్ టెస్టుల్లో స్టేటస్ ఒక్కటి చూసి వదలకండి. డేటాబేస్‌లో ఆ వరస పడిందో లేదో చూడండి.

ఇక కన్వర్టర్లు, అంటే చిరునామాలోని ఒక ముక్కని పట్టుకుని వ్యూకి అందించేవి. ఇంట్, స్ట్రింగ్, స్లగ్, యూయూఐడీ, పాత్ అని ఐదు రకాలు జాంగోలోనే ఉన్నాయి. ఇంట్ అంటే అంకెలు కదా అని అంకెలు కనిపించిన చోటల్లా వాడకండి. మన బరంపురం ఎస్‌టీడీ కోడ్ 0680. /కోడ్/0680/ అని ఇంట్‌తో పట్టుకుంటే వ్యూకి చేరేది 680. సున్నా పోయింది. పిన్ కోడ్ 760001కి ఈ బాధ లేదు. ఎందుకంటే దాని మొదట సున్నా లేదు, అంతే. కూడికలు, తీసివేతలు చేయని అంకెల్ని అంకెలుగా పట్టుకోకూడదు. పిన్, ఫోన్, రోల్ నంబర్, ఇవన్నీ స్ట్రింగులే.

తెలుగు అంకెల్లో ౧౨ అని రాస్తే? ఇంట్ కన్వర్టర్ ఒప్పుకోదు, అది సున్నా నుంచి తొమ్మిది దాకా మామూలు అంకెల్నే చూస్తుంది. కానీ రీ పాత్ వాడి, రెగెక్స్‌లో, అంటే అక్షరాల నమూనాలో, బ్యాక్‌స్లాష్ డీ అని రాస్తే పైథాన్ ఒప్పుకుంటుంది, తెలుగు అంకెలూ ఒడియా అంకెలూ దానికి అంకెలే. పాత రెగెక్స్ రూట్లని కొత్త పద్ధతిలోకి మార్చేటప్పుడు ఈ తేడా తగులుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వచ్చాను. మన ఊళ్ల పేర్లు.

స్లగ్ అంటే చిరునామాలో పెట్టడానికి తయారుచేసిన పేరు. స్లగ్ కన్వర్టర్‌కి ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, చిన్న గీత, అండర్‌స్కోర్ తప్ప ఏదీ తెలియదు. /స్టేషన్/గుణుపురం/ అని తెలుగులో పెడితే నేరుగా 404. సరే, స్ట్రింగ్ కన్వర్టర్ పెడదాం, స్లాష్ తప్ప అన్నీ పడుతుంది. రూట్ పనిచేస్తుంది. మరి పేరు నుంచి స్లగ్ తయారుచేయాలి కదా, స్లగిఫై అని ఒక ఫంక్షన్ ఉంది, అలౌ యూనికోడ్ అని పెడితే వేరే లిపులు కూడా ఒప్పుకుంటుందని రాసి ఉంటుంది. మనం సంతోషంగా పెడతాం.

ఇదిగో తెర మీద చూడండి. గుణుపురం ఇచ్చాం. ఏమొచ్చింది? గణపర. పర్లాకిమిడి ఇస్తే పరలకమడ. టెక్కలి టకకల అయింది. బరంపురం, బరపర.

(సభలో నవ్వులు)

నవ్వొస్తుంది గానీ, కారణం తెలుసుకోండి. ఆ ఫంక్షన్ అక్షరాలు కానివాటిని తీసేస్తుంది. ఏది అక్షరమో తేల్చేది పైథాన్ రెగెక్స్‌లోని బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ. దాని లెక్కలో హల్లులు అక్షరాలు, అచ్చులు అక్షరాలు. గుణింతపు గుర్తులు, సున్నా, పొల్లు మాత్రం కావు. యూనికోడ్ వాటిని చేర్పు గుర్తులుగా వేరే వర్గంలో పెట్టింది. అందుకని దీర్ఘం, గుడి, కొమ్ము, సున్నా అన్నీ ఊడ్చేస్తుంది. ఒడియాకీ ఇదే గతి, హిందీకీ ఇదే గతి. రాము, రామి, రమ అని ముగ్గురు మనుషులుంటే ముగ్గురి స్లగ్గూ "రమ" అవుతుంది. మొదటివాళ్ల పేజీ వస్తుంది, లేదా డేటాబేస్ డూప్లికేట్ అని మొరాయిస్తుంది.

ఇది ఎవరో కావాలని చేసింది కాదు. ఆ ఫంక్షన్‌కి టెస్టు రాసేటప్పుడు మన పేర్లు ఎవరి ముందూ లేవు, అంతే. మన ముందు ఉన్నాయి. అందుకే మీ టెస్టుల్లో ఏబీసీ, టెస్ట్ వన్, ఫూ, బార్ లాంటివి రాయకండి. పర్లాకిమిడి అని రాయండి. అందులో పొల్లుంది, దీర్ఘముంది, గుడి మూడుసార్లుంది. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు, మీ కోడ్‌కి కూడా పాఠం చెబుతుంది. పాతపట్నం రాయండి, వత్తు, సున్నా రెండూ తగులుతాయి. ఏబీసీతో పాసైన టెస్టు మన సైటు గురించి ఏమీ చెప్పదు.

కంటికి కనపడని తేడాలు ఇంకో రెండున్నాయి. బస్‌స్టాండ్ అని టైపు చేసేటప్పుడు స్ కింద స్ట వత్తుగా చేరకుండా కొన్ని కీబోర్డులు మధ్యలో కనిపించని ఒక గుర్తు పెడతాయి, జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. చూపు కోసం అది కావాల్సిందే. స్లగ్‌లోకి వస్తే మాత్రం, చూడ్డానికి ఒకేలా ఉన్న రెండు లింకుల్లో ఒకటి పనిచేస్తుంది, ఒకటి పనిచేయదు. రెండోది ఒడియాలో. ఒడిశా అని ఒడియా లిపిలో రాస్తే కింద చుక్క ఉన్న డ వస్తుంది కదా. దాన్ని ఒకే కోడ్‌గా రాయొచ్చు, డ ఒక కోడ్, చుక్క ఒక కోడ్‌గానూ రాయొచ్చు. కంటికి ఒకటే, కంప్యూటర్‌కి రెండు వేర్వేరు మాటలు. ఎన్‌ఎఫ్‌సీ నార్మలైజేషన్ చేస్తే రెండూ ఒకే రూపానికి వస్తాయి. జీరో విడ్త్ గుర్తుని అది తీయదు, మనమే విడిగా తీయాలి. జాంగోలో సొంత కన్వర్టర్ రాసి, చిరునామా చదివే టు పైథాన్‌లోనూ, చిరునామా కట్టే టు యూఆర్‌ఎల్‌లోనూ ఒకే ఫంక్షన్ పిలవండి. సేవ్ చేసేటప్పుడు కూడా అదే ఫంక్షన్. మూడు చోట్ల మూడు రకాలుగా శుభ్రం చేస్తే ఎప్పటికీ కలవవు.

ఆ వెనక కూర్చున్న అమ్మాయి ఏదో అడుగుతోంది. చెప్పమ్మా... తెలుగు లింకు వాట్సాప్‌లో పెడితే శాతం గుర్తులతో బారెడు వస్తోంది, అది తప్పా అని అడుగుతోంది. తప్పు కాదమ్మా. అక్షరాల్ని కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తు మూడు బైట్లు. ఒక్కో బైటూ శాతం గుర్తు, దాని పక్కన రెండు అంకెలో అక్షరాలో, మొత్తం మూడు. అంటే ఒక్క గుర్తుకి తొమ్మిది. బరంపురంలో బ, ర, సున్నా, ప, కొమ్ము, ర, సున్నా, మొత్తం ఏడు గుర్తులు. ఏడు తొమ్మిదులు 63. లింకు అందంగా లేదు గానీ సరైనదే. నేనైతే /స్టేషన్/12/పర్లాకిమిడి/ అని నంబరు, పేరు రెండూ పెడతాను. గుర్తుపట్టడానికి నంబరు, మనిషి చదవడానికి పేరు. మధ్యలో లింకు తెగినా, పేరు సగమే వచ్చినా, నంబరు చూసి సరైన చిరునామాకి తిప్పొచ్చు. ఒకరు బరంపురం అంటారు, ఒకరు బ్రహ్మపూర్ అంటారు, పాత బోర్డుల మీద బెర్హంపూర్ అని ఉంటుంది. అన్నీ ఒకే పేజీకి చేరాలి.

ఈ శాతం గుర్తుల వల్ల టెస్టుల్లో ఒక చిక్కుంది, చెప్పేస్తాను. రివర్స్ అనే ఫంక్షన్ రూట్ పేరు తీసుకుని చిరునామా కట్టి ఇస్తుంది. ఇచ్చేది శాతం గుర్తులుగా మార్చిన రూపం. మీరు టెస్టులో దాన్ని తెలుగు అక్షరాలతో పోలిస్తే సమానం కాదంటుంది. రిజాల్వ్ దానికి ఎదురు పని చేస్తుంది, చిరునామా తీసుకుని ఏ వ్యూనో చెబుతుంది. అది ఆశించేది మామూలు అక్షరాల రూపం. రివర్స్ ఇచ్చింది నేరుగా రిజాల్వ్‌కి ఇస్తే, పేరు స్థానంలో శాతం గుర్తుల చిట్టా వస్తుంది. ఇంగ్లిష్ పేర్లతో రాసిన టెస్టుల్లో ఇది ఎన్నడూ బయటపడదు. మధ్యలో అన్‌కోట్ చేయండి, అంటే శాతం గుర్తుల్ని మళ్లీ అక్షరాలుగా మార్చండి. బ్రౌజర్‌లా రిక్వెస్టులు పంపే టెస్ట్ క్లయింట్‌కి మాత్రం ఏ రూపంలో ఇచ్చినా పర్లేదు, అదే చూసుకుంటుంది.

సరే, ఏయే టెస్టులు రాయాలి? పట్టిక సరిగ్గా చూపిస్తోందా అన్నదానికి రిజాల్వ్ టెస్టులు. డేటాబేస్ అక్కర్లేదు, సింపుల్ టెస్ట్ కేస్ చాలు, చిటికెలో అయిపోతాయి. /స్టేషన్/కొత్త/ కొత్త స్టేషన్ వ్యూకే వెళ్తోందని ఒక టెస్టు ఉంటే, రేపు ఎవరైనా వరసలు తారుమారు చేసినా వెంటనే పట్టుబడుతుంది. ఆ పైన రౌండ్ ట్రిప్: మూడు లిపుల్లో పేర్ల జాబితా పెట్టుకుని, సబ్‌టెస్ట్‌తో ఒక్కో పేరుకీ రివర్స్ చేసి, క్లయింట్‌తో పిలిచి, 200 రావాలి, పేజీలో ఆ పేరు ఉండాలి. పేజీలో పేరు చూడటం ముఖ్యం. 200 వస్తే సరిపోదు, వేరే ఊరి పేజీ కూడా 200తోనే వస్తుంది.

రాకూడని వాటికి కూడా టెస్టు రాయండి. లేని స్టేషన్‌కి 404 రావాలి, కోడ్ కూలిందని చెప్పే 500 కాదు. తొలగించే రూట్‌కి గెట్ పంపితే 405 రావాలి. లేకపోతే గూగుల్ బాట్ లాంటిది లింకులన్నీ నొక్కుకుంటూ పోయి మీ స్టేషన్లు తుడిచేస్తుంది. లాగిన్ కావాల్సిన చోట 302, అంటే తాత్కాలికంగా వేరే చోటికి తిప్పే జవాబు, ఎక్కడికి వెళ్తోందో అసర్ట్ రీడైరెక్ట్స్‌తో చూడండి. టెస్ట్ క్లయింట్ మామూలుగా సీఎస్‌ఆర్‌ఎఫ్ తనిఖీ చేయదని కూడా గుర్తుంచుకోండి. టెస్టులో పోస్ట్ పాసై, బ్రౌజర్‌లో 403 వస్తే ఆశ్చర్యపోవద్దు.

ప్రశ్నలు అడగండి.

(ప్రశ్న: రియాక్ట్‌లో చేసిన సైటు సార్. లింకు నొక్కితే పేజీ వస్తుంది, రిఫ్రెష్ చేస్తే 404.)

మంచి ప్రశ్న బాబూ. నొక్కినప్పుడు రూట్ తేల్చేది బ్రౌజర్‌లోని జావాస్క్రిప్ట్. రిఫ్రెష్ చేస్తే ఆ చిరునామా సర్వర్‌కి వెళ్తుంది, సర్వర్‌కి ఆ రూట్ తెలియదు. తెలియని చిరునామాలన్నిటికీ మొదటి పేజీనే ఇవ్వమని సర్వర్‌కి చెప్పాలి. కానీ పేజీ కాకుండా డేటా ఇచ్చే ఏపీఐ చిరునామాలని అందులోంచి తప్పించండి. లేకపోతే తప్పు ఏపీఐ చిరునామాకి కూడా 200తో హెచ్‌టీఎంఎల్ వస్తుంది. దాన్ని జేసన్ అనే డేటా రూపంగా చదవలేక, లెస్ దేన్ గుర్తు అర్థం కాలేదని కన్సోల్‌లో ఎర్రర్ వస్తుంది. ఆ గుర్తు కనిపిస్తే, జేసన్ బదులు పేజీ వచ్చిందని తెలుసుకోవాలి.

(ప్రశ్న: మేం లారావెల్ ఫ్రేమ్‌వర్క్ వాడతాం. ఇవన్నీ దానికీ వర్తిస్తాయా?)

పద్ధతి వర్తిస్తుంది, వివరాలు మారతాయి. ఆర్టిజాన్ రూట్ లిస్ట్ కొట్టి పట్టిక చూడండి. కొత్త రూట్ రాశాక కనపడకపోతే రూట్ క్యాష్, అంటే దాచి ఉంచిన పాత పట్టిక, ఉందేమో, రూట్ క్లియర్ చేయండి. రైల్స్‌లో రైల్స్ రూట్స్, ఫ్లాస్క్‌లో ఫ్లాస్క్ రూట్స్ అనే కమాండ్లున్నాయి. ఎక్స్‌ప్రెస్‌లో కూడా రాసిన వరసే ముఖ్యం. ఫ్లాస్క్ మాత్రం వేరు, అది వరస చూడదు, ఎక్కువ కచ్చితంగా ఉన్న రూట్‌ని ముందు ఎంచుకుంటుంది. ఫ్లాస్క్ నుంచి జాంగోకి వచ్చినవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

(ప్రశ్న: పాత ఇంగ్లిష్ స్లగ్‌లు తీసేసి తెలుగువి పెడితే పాత లింకులు ఏం చేయాలి?)

తీసేయకండి. పాత పేర్లన్నీ ఒక పట్టికలో పెట్టి కొత్త చిరునామాకి తిప్పండి. మొదట కొన్నాళ్లు 302తో తిప్పండి, అన్నీ సరైన పేజీకి చేరుతున్నాయని నమ్మకం కుదిరాక 301 చేయండి. 301ని బ్రౌజర్లు గుర్తుపెట్టుకుంటాయి. తప్పు చోటికి 301 ఇస్తే, మీరు సర్వర్‌లో సరిచేసినా వాడేవాళ్ల బ్రౌజర్ పాత దారిలోనే పోతుంది. మీరు చూసేటప్పుడు కూడా ప్రైవేట్ విండోలో చూడండి. పాత లింకులన్నీ ఒక ఫైల్లో రాసి, ఒక్కోటీ ఎక్కడికి చేరాలో పక్కన రాసి, ఆ ఫైలుని చదివే టెస్టు ఒకటి పెట్టండి. కొత్త లింకు బయటికి ఇచ్చిన ప్రతిసారీ ఆ ఫైల్లో ఒక వరస చేర్చండి.

ఇప్పుడు ల్యాప్‌టాప్‌లు తెరవండి. ముందుగా మీ మీ ఊరి పేరుని స్లగిఫైకి ఇచ్చి ఏమొస్తుందో చూడండి. ఆ తర్వాత గుణింతాలని వదలని ఫంక్షన్ కలిసి రాద్దాం.